మనోరోగుల థైరాయిడ్: ఈ లెక్కలోకి విటమిన్ డి ఎలా వచ్చింది?

స్కిజోఫ్రీనియా (భ్రమలు, భ్రాంతులు కలిగించే తీవ్ర మానసిక జబ్బు) ఉన్నవారి రక్తంలో విటమిన్ డి తరచూ తక్కువగా ఉంటోంది. కొందరిలో థైరాయిడ్‌పై దాడి చేసే యాంటీబాడీలు కూడా బయటపడుతున్నాయి. ఈ రెంటికీ ముడిపెట్టి చూడటం ఈమధ్య మొదలైందే. థైరాయిడ్‌కూ మతిభ్రమకూ ఉన్న సంబంధం మాత్రం పాతది. థైరాయిడ్ మందగించి ఒళ్లు ఉబ్బే మిక్సిడీమా రోగుల్లో దాదాపు సగం మందికి భ్రమలు, భ్రాంతులు ఉంటాయని లండన్ క్లినికల్ సొసైటీ 1888లోనే నివేదించింది. ఆ మాట చాలామంది మానసిక వైద్యుల చెవికెక్కలేదు. 1949లో బ్రిటిష్ వైద్యుడు రిచర్డ్ ఆషర్ అలాంటి 14 మంది గురించి రాశాడు; థైరాయిడ్ మందు పడగానే వారిలో ఎక్కువమంది తేరుకున్నారు.

జపాన్ వైద్యుడు హకారు హషిమోటో 1912లో నలుగురు స్త్రీల థైరాయిడ్ గ్రంథుల్లో తెల్లరక్తకణాలు కిక్కిరిసి ఉండటం చూశాడు. అది శరీరం తనపై తానే చేసుకునే దాడి (ఆటోఇమ్యూన్ జబ్బు) అని 1956లో గాని తేలలేదు. 2006లో డెన్మార్క్ రికార్డులు తిరగేస్తే, ఆటోఇమ్యూన్ జబ్బుల చరిత్ర ఉన్నవారికి స్కిజోఫ్రీనియా ముప్పు 45 శాతం ఎక్కువని కనబడింది.

విటమిన్ డి మరో దారిన వచ్చింది. చలికాలంలో పుట్టినవారిలో స్కిజోఫ్రీనియా కాస్త ఎక్కువన్న గమనిక నుంచి ఆస్ట్రేలియా మానసిక వైద్య పరిశోధకుడు జాన్ మెక్‌గ్రాత్‌కు సూర్యరశ్మిపై అనుమానం కలిగింది. డెన్మార్క్‌లో పసికందుల మడమ నుంచి తీసి కాగితంపై ఆరబెట్టి దాచిన రక్తపు చుక్కలను ఆయన బృందం పరీక్షించింది. విటమిన్ డి తగ్గినవారికే కాదు, బాగా ఎక్కువున్నవారికీ ముప్పు పెరిగినట్లు 2010లో తేలింది. ఎంత ఎక్కువైతే అంత మేలనేవారికి ఇది మింగుడుపడని ఫలితమే.

అసలు చిక్కు, ఏది ముందు అన్నది. జబ్బు మనిషిని ఇంటిపట్టున కూర్చోబెడుతుంది. ఈ జబ్బుకు 1950ల నుంచి వాడుతున్న క్లోర్‌ప్రోమజిన్ అనే మందు ఎండ తగిలితే చర్మాన్ని కమిలిస్తుంది కాబట్టి నీడలో ఉండమని వైద్యులే చెబుతారు. కొన్ని మందులతో బరువు పెరిగితే రక్తంలో విటమిన్ డి ఇంకా పడిపోతుంది. మనఃస్థితిని నిలకడగా ఉంచే లిథియం మందు వాడేవారికి థైరాయిడ్ కూడా మందగించవచ్చు. వీటన్నిటి ప్రభావాన్ని విడదీసి చూడకుండా విటమిన్ లోపమే మూలమనడం తొందరపాటు.

విటమిన్ డి మాత్రలిచ్చి చూసిన ఫలితాలూ ఒక తీరుగా లేవు. తొలిసారి సైకోసిస్ (భ్రమలు, భ్రాంతులతో వాస్తవంతో సంబంధం తెగే స్థితి) వచ్చిన 149 మందితో 6 నెలలు చేసిన పరీక్షలో మానసిక లక్షణాలు తగ్గలేదు. 50 ఏళ్లు దాటిన సాధారణ ప్రజలపై జరిగిన పెద్ద పరీక్షలో మాత్రం రోజుకు 2000 యూనిట్లతో అయిదేళ్లలో ఆటోఇమ్యూన్ జబ్బులు మొత్తం మీద 22 శాతం తగ్గాయి. కొత్తగా సైకోసిస్‌తో వచ్చిన మనిషికి వైద్యులు రాసే పరీక్షల్లో థైరాయిడ్ పనితీరు చూపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష కూడా మామూలుగా చేరి ఉంటుంది. విటమిన్ డి లోపం తేలితే దాన్ని సరిచేసేది ప్రధానంగా ఎముకల కోసమే.