నొప్పి మాత్ర మోకాలి దగ్గరే ఆగదు

చేలో నడుస్తుంటే కంప ముల్లు అరికాల్లో దిగుతుంది. పిన్నీసుతో కెలికి తీస్తాం, మొన మాత్రం విరిగి లోపలే ఉండిపోతుంది. సాయంత్రానికి ఆ చోటు ఎర్రబడి వాస్తుంది, ముట్టుకుంటే కాలుతుంది. రాత్రికి సలుపు మొదలవుతుంది. తర్వాత గజ్జల్లో బిళ్ళ కడుతుంది, ముల్లు చుట్టూ చీము పడుతుంది. అనంతపురం పల్లెల్లో పెరిగినవాళ్ళకు ఈ వరస చెప్పనక్కర్లేదు. దీన్నే డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారు. ఎరుపు, వాపు, వేడి, నొప్పి అని దీని నాలుగు లక్షణాలనూ దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటే రోమ్‌లో సెల్సస్ అనే రచయిత రాసిపెట్టాడు. ఇదంతా ముల్లు పనే అనుకుంటాం. ముల్లు గుచ్చుకుని ఊరుకుంది. మిగతాదంతా మన ఒళ్ళు చేసిందే.

చర్మం కింద ఉండే మాస్ట్ కణాలు గాయం తగలగానే హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. దాంతో సన్నటి రక్తనాళాలు వెడల్పవుతాయి. రక్తం ఎక్కువగా చేరి ఆ చోటు ఎర్రగా, వెచ్చగా అవుతుంది. నాళాల గోడల్లో సందులు ఏర్పడి రక్తంలోని నీరు బయటికి ఊరుతుంది, అదే వాపు. ఈలోగా దెబ్బతిన్న చోట ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవుతాయి. ఇవి నరాల కొసలను ఎంత సున్నితం చేస్తాయంటే, దుప్పటి తగిలినా ప్రాణం లేచొస్తుంది. ఈ రసాయనమే మెదడులో తయారైతే జ్వరం వస్తుంది.

తర్వాత వచ్చేవి తెల్ల రక్తకణాలు. వాటిలో ఒక రకమైన న్యూట్రోఫిల్స్, రక్తంలో కొట్టుకుపోతూ ఆ చోటికి రాగానే నాళం గోడకు అతుక్కుంటాయి, ఒళ్ళు సన్నం చేసుకుని సందులోంచి బయటికి దూరతాయి. క్రిములను మింగి అవీ చస్తాయి. ఆ చచ్చిన కణాలే చీము. క్రిములను కణాలు ఇలా చుట్టుముడతాయని తెలిసింది కూడా ముల్లుతోనే. 1882లో మెచ్నికాఫ్ అనే రష్యన్ శాస్త్రవేత్త ఇటలీలోని మెస్సీనాలో, అద్దంలా లోపలంతా కనిపించే నక్షత్రచేప పిల్లకు గులాబీ ముల్లు గుచ్చాడు. మర్నాటికి కణాలన్నీ ముల్లు చుట్టూ మూగి ఉన్నాయి. 1908లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ముల్లు తీసి, పుండు కడిగి, టెటనస్ సూది వేయించుకుంటే మామూలుగా ఈ కథ ముగుస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం కాలి పుండును ఒక్క రోజు కూడా అశ్రద్ధ చేయకూడదు. అసలు చిక్కు తగ్గని నొప్పులతో వస్తుంది. అరిగిపోయిన మోకాలు, పట్టేసిన నడుము. వాటికి మెడికల్ షాపులో చీటీ లేకుండానే దొరికే డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్ లాంటి మాత్రలు.

ఈ మాత్రలు ఏం చేస్తాయో 1971లో ఇంగ్లండులో జాన్ వేన్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. ఆస్పిరిన్, దాని లాంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపేస్తాయి. ఆపడం అంటే ఒక్క మోకాల్లో కాదు, మాత్ర కలిసిన రక్తం వెళ్ళే ప్రతి చోటా. పొట్టలో లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడేది ప్రోస్టాగ్లాండిన్లే. అందుకే పరగడుపున వేసుకున్నా, తిని వేసుకున్నా, ఏళ్ళ తరబడి వాడితే అల్సర్లు (పొట్టలో పుండ్లు) రావచ్చు.

కిడ్నీల సంగతి మన ప్రాంతానికి ఇంకా ముఖ్యం. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు శరీరం రక్తనాళాలను బిగిస్తుంది. ఆ సమయంలో కిడ్నీలోకి రక్తం తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లే. ఇప్పుడు ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం ఎండను తలుచుకోండి. పొద్దున్నే ఉపాధి పనికి వెళ్ళి మట్టి తవ్విన మనిషి, చెమట కారి, తెచ్చుకున్న నీళ్ళు అయిపోయి, నడుము నొప్పికి మధ్యాహ్నం ఒక మాత్ర వేసుకుంటుంది. నాళం తెరుచుకోవడానికి ఉన్న ఆ ఒక్క ఆధారమూ పోతుంది. నడుము నొప్పి తగ్గుతుంది, కిడ్నీ దెబ్బతింటున్నప్పుడు మాత్రం నొప్పి తెలియదు. బీపీ మాత్రలు, ముఖ్యంగా మూత్రం ఎక్కువ పోయించేవి వాడేవాళ్ళకు ప్రమాదం ఇంకా ఎక్కువ. ఎండలో పని ఉన్న రోజుల్లో ఈ మాత్రలు వద్దని ఆసుపత్రుల గోడల మీద రాయాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. (పశువులకు ఇచ్చిన డైక్లోఫినాక్ కళేబరాల్లో మిగిలి, వాటిని తిన్న రాబందులు కిడ్నీలు పాడై లక్షల్లో చచ్చాయి. 2006లో పశువైద్యంలో దాన్ని మన దేశం నిషేధించింది.)

‘ఒక్క సూదితో లేచి కూర్చున్నాను’ అని సంబరపడే సందర్భాల్లో ఆ సూదిలో చాలాసార్లు ఉండేది స్టెరాయిడ్. 1948లో అమెరికాలో మేయో క్లినిక్ డాక్టర్లు కీళ్ళవాతంతో మంచం పట్టిన ఒకావిడకు కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది. అంత బలమైన మందు. ఆస్తమా ముదిరినప్పుడు ప్రాణం నిలబెడుతుంది కూడా. ఏ మందో తెలియకుండా నెలల తరబడి తీసుకుంటే షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, మొహం ఉబ్బుతుంది. ఒళ్ళు సొంతంగా చేసుకునే స్టెరాయిడ్ తయారీ మందగిస్తుంది కాబట్టి, ఉన్నట్టుండి మానేసినా ప్రమాదమే.

పొద్దున లేవగానే చేతివేళ్ళు గంటసేపు ముడుచుకోకపోతే, రెండు చేతుల కణుపులూ వాస్తుంటే అది అరుగుదల కాకపోవచ్చు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ళవాతం కావచ్చు. అందులో రక్షణ కణాలు సొంత కీళ్ళ మీదే పడతాయి. నొప్పి మాత్ర సలుపును తగ్గిస్తుందే కానీ కీలు చెడిపోవడాన్ని ఆపలేదు. దాన్ని ఆపే మందుల్లో మొదటి వరసలో ఉన్నది మెథోట్రెక్సేట్. దాన్ని తయారుచేసింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన అమెరికా లాబొరేటరీ. క్యాన్సర్ కోసం పుట్టిన మందు, తక్కువ మోతాదులో కీళ్ళను కాపాడుతోంది. దీన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే మూలుగ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. చదువురాని పెద్దవాళ్ళకు ఇచ్చేటప్పుడు వారంలో ఏ రోజు వేసుకోవాలో డాక్టరు చేతే చీటీ మీద రాయించి, ఆ మాత్రలను మిగతా మాత్రల డబ్బాలో కలపకుండా ఇంట్లో ఎవరో ఒకరు విడిగా పెట్టాలి.