పూత చూసి కాపు చెప్పొచ్చా?

చి. పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

2028లో అమెరికాలో రెండు పెద్ద పార్టీలైన రిపబ్లికన్, డెమొక్రాట్ల తరఫున అధ్యక్ష పదవికి ఎవరు నిలబడతారో ఊహించి రాసుకురమ్మన్నారట మీ టీచరు గారు. "తాతయ్యా, ఇంకా ఒక్కరు కూడా ఓటెయ్యలేదు కదా, టీవీలో వాళ్లకి ముందే ఎలా తెలుస్తుంది?" అని పెద్దాడు ఫోన్లో అడిగాడు. మంచి ప్రశ్న. ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చేస్తే పాడైపోతుందని తీరిగ్గా రాస్తున్నాను. పేర్లు మాత్రం నేను చెప్పను. అవి మీరే రాయాలి. ఎక్కడ చూసి రాయాలో చెప్తాను.

ఇప్పుడిక్కడ నూజివీడు మామిడి తోటలన్నీ పూత మీదున్నాయి. పొద్దున్నే గట్టు మీద నిలబడితే వాసనకి తల తిరుగుతుంది. ఒక్కో గుత్తిలో వందలు, వేలు పువ్వులుంటాయి. వాటిలో పిందె కట్టేవి కొన్నే, ఉసిరికాయంత అయ్యేదాకా నిలిచేవి ఇంకా తక్కువ, బుట్టలోకి దిగేవి గుత్తికి ఒకటో రెండో. పార్టీ నామినేషన్, అంటే రాష్ట్రం తర్వాత రాష్ట్రం ఓటేసి పార్టీ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకోవడం, దాని సంగతీ అచ్చం ఇంతే.

2016 ఎన్నికకు రిపబ్లికన్ పార్టీలో చెప్పుకోదగ్గ వాళ్లే 17 మంది బరిలోకి దిగారు. అందరికంటే విరగబూసిన కొమ్మ జెబ్ బుష్. తండ్రి అధ్యక్షుడు, అన్న అధ్యక్షుడు, తను ఫ్లోరిడాకి గవర్నరు. ఆయన్ని బలపరిచే సంస్థ 2015 మొదటి ఆరు నెలల్లోనే 10 కోట్ల డాలర్లు దాటి చందాలు పోగేసింది. చూసినవాళ్లంతా కాపు ఈయనదే అనుకున్నారు. 2016 ఫిబ్రవరి 20న సౌత్ కరోలినా ఫలితం రాగానే ఆయన తప్పుకున్నారు. మొదట్లో చాలామంది పండితులు లెక్కలోకే తీసుకోని డొనాల్డ్ ట్రంప్ నిలిచారు.

మా చిన్నప్పుడు తోటని పూత మీదే గుత్తకిచ్చేవాళ్లు. సంక్రాంతి వెళ్లాక బెజవాడ నుంచి షావుకారు ఒకాయన వచ్చేవారు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు. మా నాన్న ఆయన్ని రోడ్డు పక్క చెట్ల దగ్గరికి తీసుకెళ్లేవారు. ఎండ బాగా తగులుతుందని అవి ముందు పూసేవి, నిండుగా కనపడేవి. షావుకారు గారు వాటిని ఒకసారి చూసి తలాడించి, చెప్పులు చేత్తో పట్టుకుని సరాసరి తోట నడిమధ్యకి వెళ్లిపోయేవారు. వెనకాల నేను. ఆయన కొమ్మని ఊపేవారు కాదు. గుత్తిని మునివేళ్ల మీద ఎత్తి, కాడ మొదలు దగ్గర చూసేవారు. ఆకుని బొటనవేలితో రుద్ది జిగురుందేమో చూసుకునేవారు. జిగురుందంటే తేనెమంచు పురుగు పట్టినట్టే. తర్వాత చెట్టు కింద కూర్చుని నేల మీద ఏం రాలిందో చూసేవారు. అప్పుడు గానీ మా నాన్నతో బేరానికి కూర్చునేవారు కాదు. నడిమధ్యకి ఎందుకండీ అని అడిగితే, "రోడ్డు పక్క చెట్టు అందరికీ చెప్పేదే నాకూ చెప్తుంది అబ్బాయ్" అన్నారు. బేరం కుదిరాక మా అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్లేవారు. ఎదుటివాళ్ల ఇంట్లో ఎలా మసలుకోవాలో నాకు ఆయన దగ్గరే అబ్బింది.

ఆ పెద్దాయన పద్ధతిని మనసులో పెట్టుకుని 2020 సంగతి వినండి. నాకు బాగా నచ్చిన కథ ఇది.

ఆ ఏడాది డెమొక్రాట్లలో మొదటి పోటీ ఫిబ్రవరి 3న, అయోవాలో. అక్కడ కాకస్ అంటారు. అప్పట్లో ఊళ్లోవాళ్లు రాత్రిపూట బడి జిమ్‌లోనో చర్చిలోనో చేరి, ఎవరికి నచ్చిన అభ్యర్థి మూలలో వాళ్లు నిలబడేవారు. మామూలుగా ఒక మూలలో 15 శాతం మంది కూడా చేరకపోతే వాళ్లు ఇంకో మూలకి వెళ్లే వీలుండేది. పక్కింటివాళ్లు వచ్చి చెయ్యి పట్టుకుని లాగేవారు కూడా. జో బైడెన్ అక్కడ నాలుగో స్థానం. ఎనిమిది రోజులకి మీ న్యూ హాంప్‌షైర్‌లో ప్రైమరీ, అంటే పార్టీ అభ్యర్థి కోసం మామూలుగా ఓట్లేసే ఎన్నిక. అయిదో స్థానం. ఫలితాలు రాకముందే ఆయన మీ రాష్ట్రం వదిలి సౌత్ కరోలినా వెళ్లిపోయారు. ఇక ఆయన పని అయిపోయిందని చెప్పనివాళ్లు అరుదు. నెవాడాలో రెండో స్థానం.

కానీ అయోవా, న్యూ హాంప్‌షైర్ రోడ్డు పక్క చెట్లు నాన్నా. రెండు చోట్లా తెల్లవాళ్లే చాలా ఎక్కువ. డెమొక్రాట్ పార్టీకి కాండంలాంటి నల్లజాతి ఓటర్లు అక్కడ చాలా తక్కువ. సౌత్ కరోలినా డెమొక్రాట్ ప్రైమరీలో సగానికి పైగా వాళ్లే. ఆదివారం చర్చికి వెళ్లే పెద్దవాళ్లు, బైడెన్‌ని ఒబామా పక్కన ఎనిమిదేళ్లు చూసినవాళ్లు. ఫిబ్రవరి 26న ఆ రాష్ట్రంలో అందరూ గౌరవించే కాంగ్రెస్ సభ్యుడు జిమ్ క్లైబర్న్ ఆయనకి మద్దతు ప్రకటించారు. 29న ఓటింగ్. రాష్ట్రంలోని 46 కౌంటీల్లోనూ బైడెన్‌దే గెలుపు. మర్నాడు పోటీదారు పీట్ బుటిజెజ్ తప్పుకున్నారు, ఆ మర్నాడు ఇంకో పోటీదారు ఎమీ క్లోబుషార్. ఇద్దరూ బైడెన్‌ వైపు వచ్చేశారు. పక్క పిందెలు రాలితే మిగిలినదానికి సారం అందుతుంది చూశారా, అలాగ. మార్చి 3న ఒకేరోజు 14 రాష్ట్రాల్లో పోటీ జరిగితే 10 ఆయనవే. పెద్దగా ప్రచారం చెయ్యకుండా వదిలేసిన మసాచుసెట్స్ సైతం! నాలుగు రోజుల్లో అంతా తిరిగిపోయింది.

ఇంత తొందరగా ఎలా తిరుగుతుందని మీకు రావాల్సిన అనుమానం. నవంబరు ఎన్నికలో ఓటరు ఒక పార్టీ నుంచి ఇంకో పార్టీకి దూకడం కష్టం. ఆ గోడ ఎత్తు. ప్రైమరీలో అందరూ ఒకే పార్టీవాళ్లు, చెప్పేవీ ఇంచుమించు ఒకటే. ఇవాళ ఒకరు నచ్చినా రేపు పక్కవాళ్లకి వెయ్యడానికి మనసు పెద్దగా అడ్డు చెప్పదు. పైగా రాష్ట్రాలన్నీ ఒకేరోజు ఓటెయ్యవు. ముందువాళ్లు ఏం చేశారో చూసి తర్వాతివాళ్లు సర్దుకుంటారు, ఓడినవాళ్లకి చందాలు ఆగిపోతాయి. అందుకే ఏడాది ముందు తీసిన సర్వేని చూసి తొందరపడకూడదు. 2007లో చాలాకాలం సర్వేల్లో డెమొక్రాట్లలో హిల్లరీ క్లింటన్, రిపబ్లికన్లలో రూడీ జులియాని ముందున్నారు. ఆ వేసవిలో జాన్ మెకెయిన్ ప్రచారానికి డబ్బుల్లేక సిబ్బందిని తీసేశారు. 2008లో నిలబడింది ఒబామా, మెకెయిన్.

ముందు పూసింది ఎప్పుడూ రాలిపోతుందనీ కాదు. 2000లో రిపబ్లికన్లలో జెబ్ అన్న చిన్న బుష్, డెమొక్రాట్లలో గోర్ మొదటి నుంచీ ముందుండి చివరిదాకా నిలిచారు. 2024లో ట్రంప్ కూడా అంతే. వీళ్లందరిలో నేను చూసింది ఒకటుంది. సర్వేలో అంకె ఒక్కటే కాదు, పార్టీలో ఏదో ఒక పెద్ద వర్గం వాళ్లని గట్టిగా పట్టుకుని ఉంది. అది కాడ. 2015లో ట్రంప్‌కి పార్టీ పెద్దల మద్దతు దాదాపు లేదు, కానీ ఓటర్లలో ఆ కాడ ఉంది. జెబ్ బుష్‌కి పువ్వులే ఉన్నాయి.

ఉపాధ్యక్షులకి కొంత మొగ్గు ఉంటుంది. పదవిలో ఉండగానే నామినేషన్ తెచ్చుకున్నవాళ్లలో 1960లో నిక్సన్, 1968లో హంఫ్రీ, 1988లో పెద్ద బుష్, 2000లో గోర్, 2024లో కమలా హారిస్ ఉన్నారు. కానీ మాజీ ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ 2023 అక్టోబరులోనే, ఒక్క ఓటూ పడకముందే తప్పుకున్నారు. 2024లో ఉపాధ్యక్షుడిగా గెలిచిన జె.డి. వాన్స్ పేరు మీ క్లాసులో అందరూ రాస్తారని నాకు తెలుసు. ఆయన భార్య ఉష గారి పూర్వీకులది మన తణుకు దగ్గర వడ్లూరు కాబట్టి ఇక్కడా అదే మాట. మనూరి అభిమానం మంచిదే. లెక్క వేసేటప్పుడు మాత్రం దాన్ని పక్కన పెట్టండి.

ఒకప్పుడు ఇదంతా జనం చేతుల్లో లేదు. పార్టీ పెద్దలు, వాళ్ల ప్రతినిధులు మహాసభలో కూర్చుని తేల్చేవాళ్లు. 1924లో న్యూయార్క్‌లో డెమొక్రాట్లు రెండు వారాలు కూర్చుని, 103 సార్లు ఓటింగ్ పెట్టుకుంటే గానీ జాన్ డేవిస్ పేరు తేలలేదు. 1968లో హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనూ పోటీ చెయ్యకుండా నామినేషన్ పొందారు. ఆ మహాసభ జరుగుతుంటే, వియత్నాం యుద్ధం వద్దన్న కుర్రాళ్లు బయట షికాగో వీధుల్లో లాఠీ దెబ్బలు తిన్నారు. ఆ దెబ్బల తర్వాతే నియమాలు మారాయి. 1972 నుంచి ప్రైమరీల్లో, కాకస్‌లలో జనం ఇచ్చిన తీర్పు ప్రకారం ప్రతినిధులు లెక్కకొస్తున్నారు. 2024లో రిపబ్లికన్ల ప్రతినిధులు 2,429 మంది, గెలవాలంటే 1,215 కావాలి. ఈ హక్కు ఊరికే రాలేదు పిల్లలూ. "అంతా ముందే అయిపోయింది, ఓటెయ్యడం దండగ" అని ఎవరన్నా అంటే నమ్మకండి.

అయినా అన్నీ మన లెక్కకి లొంగవు. 2024లో బైడెన్ ప్రైమరీలు దాదాపు పోటీ లేకుండా గెలిచారు. జూన్ 27న టీవీ చర్చలో తడబడ్డారు. జులై 21న తప్పుకున్నారు. కాయ చేతికొచ్చే వేళకి గాలివాన రావడం మాకూ తెలుసు. షావుకారు గారైనా అప్పుడు ఆకాశం చూడటం తప్ప చేసేదేం ఉండేది కాదు.

1976 మాట కూడా చెప్పాలి. జార్జియా మాజీ గవర్నరు జిమ్మీ కార్టర్ అంటే బయట ఎవరికీ తెలీదు. "జిమ్మీ ఎవరు?" అని అడిగేవాళ్లు. ఆయన అయోవాలో ఊరూరా తిరిగి, మద్దతుదారుల ఇళ్లలోనే పడుకునేవారు. ఆ కాకస్‌లో అందరికంటే ఎక్కువ వచ్చింది "ఇంకా తేల్చుకోలేదు" అన్నదానికి! కార్టర్‌ది దాని తర్వాత స్థానం, కానీ మనుషుల్లో మొదటి స్థానం. ఆ ఊపుతోనే అధ్యక్షుడయ్యారు. తేల్చుకోని అంతమంది మధ్యలో ఒక మనిషి పేరు నిదానంగా పైకి రావడం తలుచుకుంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే. దాన్ని పూర్తిగా వివరించే లెక్క ఏదీ నాకు తృప్తినివ్వలేదు.

మీ రాష్ట్రం రోడ్డు పక్క చెట్టని చిన్నబుచ్చుకోకండి. 1952 నుంచి 1988 వరకు అధ్యక్షులుగా ఎన్నికైన ప్రతి ఒక్కరూ అంతకు ముందు న్యూ హాంప్‌షైర్ ప్రైమరీ గెలిచినవాళ్లే. 1992లో బిల్ క్లింటన్ రెండో స్థానంలో వచ్చి ఆ వరస తెంపారు. మీకు ఉత్తరాన డిక్స్‌విల్ నాచ్ అనే చిన్న చోట అర్ధరాత్రి పన్నెండింటికే ఓటేస్తారు. 2024 రిపబ్లికన్ ప్రైమరీలో అక్కడ ఉన్న ఆరు ఓట్లూ ట్రంప్‌తో పోటీపడ్డ నిక్కీ హేలీకే పడ్డాయి. రాష్ట్రం మాత్రం ట్రంప్‌ది. కాబట్టి ఒక్క గుత్తిని చూసి చెప్పకండి.

ఎన్నికకు ఏడాదికి పైగా ముందే అభ్యర్థులు మీ ఊరు వస్తారు. కాఫీ హోటల్లో, బడి హాల్లో, ఎవరింటి వరండాలోనో మాట్లాడతారు. నాన్నని అడిగి వెళ్లండి. ఎంతమంది చప్పట్లు కొట్టారో రాయక్కర్లేదు. కష్టమైన ప్రశ్న అడిగినప్పుడు ఆయన, లేదా ఆమె, ఎటు చూశారో చూడండి. సభ అయ్యాక కుర్చీలు మడతపెడుతున్న వాలంటీర్లు ఆ ఊరివాళ్లా, బయటి నుంచి వచ్చినవాళ్లా అడగండి. రెండోసారి వచ్చినప్పుడు కూడా వాళ్లే ఉన్నారో లేదో చూసుకోండి. తర్వాత సౌత్ కరోలినాలో మీ పిన్నికి ఫోన్ చేసి, అక్కడ ఆ పేరు ఎవరైనా ఎత్తుతున్నారా అని కనుక్కోండి. రెండు చోట్లా ఒకటే మాట వినిపిస్తే ఆ పేరు రాసి టీచరు గారికి ఇవ్వండి, నాకూ పంపండి.

చిన్నదాన్ని కూడా తీసుకెళ్లండి, ముందు వరసలో నిలబెట్టండి. చలికాలమైతే మందపు కోట్లు వేసుకోండి. అలాంటి సభలు వేళకి మొదలవ్వవు, బయట నిలబడాల్సి వస్తుంది.

ఇట్లు,
మీ తాతయ్య