నొప్పి లేని సూదిపోటు

దమ్ము చేస్తున్న ట్రాక్టరు మడి మధ్యలో కుంటుతూ నడవడం మొదలుపెడితే, కబురందుకుని వచ్చిన మెకానిక్ ఇంజన్ ఆపడు. అది నడుస్తుండగానే 17 నంబరు పానా తీసి, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ మీది పైపు నట్టును అర చుట్టు వదులు చేస్తాడు. నట్టు సందులోంచి డీజిల్ బుడబుడమంటూ కారుతుంది. ఇంజన్ గొంతు ఇంకాస్త పడిపోతే ఆ సిలిండర్ బాగున్నట్టు. ఏ మార్పూ లేకపోతే పని చేయనిది అదేనన్నమాట. నట్టు బిగించి, చేతికంటిన డీజిల్‌ను గుడ్డకు తుడుచుకుంటాడు. చిన్నతనంలో గట్టు మీద కూర్చుని ఈ పరీక్షను కన్నార్పకుండా చూసేవాణ్ణి. వైద్యుడు నాడి పట్టి రోగం చెప్పినట్టుండేది.

ఆ విద్య ఆ పాత ఇంజన్ల మీద పుట్టింది. ఇప్పుడు అదే చేయి, అదే పానాతో కామన్ రెయిల్ ఇంజన్ల మీదికి, అంటే అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి ఎంతో ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే కొత్త ఇంజన్ల మీదికి, వెళుతోంది. నన్ను భయపెడుతున్నది అదే, ఎందుకంటే వాటిలోంచి చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని వేలి లోపలికి దూరుతుంది. పైకి చూస్తే తేడా తెలియదు. అదే చిటికెన వేలంత లావు కూడా లేని ఉక్కు పైపు, అదే నట్టు.

డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. సిలిండర్‌లోని గాలిని పదహారో వంతుకో పదిహేడో వంతుకో కుదిస్తే అది 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది. అందులోకి డీజిల్‌ను మంచుతుంపరలా చిమ్మితే తనంతట తానే అంటుకుంటుంది. చిమ్మడానికి దొరికే సమయం మాత్రం చాలా తక్కువ. నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఇంజన్‌లో సెకనులో వెయ్యో వంతులు రెండో మూడో. వెంట్రుక కన్నా కాస్త లావైన రంధ్రాల గుండా అంత త్వరగా, అంత సన్నని తుంపరగా దూరాలంటే వెనుక నుంచి బలంగా తొయ్యాలి. బాష్ కంపెనీ ఇంజెక్షన్ పంపులను పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది 1927లో. ఆ తరహా పంపులున్న ట్రాక్టర్లలో, లారీలలో ఇంజెక్టర్ కొసన ఉండే నాజిల్ సుమారు 200 బార్ పీడనం దగ్గర తెరుచుకునేది (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత). పైగా పంపు ఏ సిలిండర్ వంతు వస్తే దానికి మాత్రమే కొలిచి పంపేది. నట్టు వదులు చేస్తే ఆ కొలిచిన కాస్త డీజిలే కారేది.

కామన్ రెయిల్‌లో వంతులు లేవు. రెయిల్ అనే మందపాటి ఉక్కు గొట్టం నిండా డీజిల్ ఎప్పుడూ పూర్తి ఒత్తిడితో సిద్ధంగా ఉంటుంది. నట్టు వదులైతే పంపు వెనుక నుంచి తోస్తూనే ఉంటుంది. 1997లో ఆల్ఫా రోమియో 156 కారుతో వచ్చినప్పుడు ఆ పీడనం 1350 బార్. ఇప్పుడు 2000 బార్ దాటినవి ఎన్నో ఉన్నాయి. 2020 ఏప్రిల్‌లో బండ్ల పొగకు హద్దు పెట్టే బీఎస్-6 నిబంధనలు వచ్చాక రోడ్డెక్కిన డీజిల్ బండ్లలో చాలావరకు ఈ పద్ధతివే. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు కొత్త ఉద్గార నిబంధనలు రావడంతో అది మడిలోకీ దిగింది.

2000 బార్ అంటే గోరంత చోట రెండు టన్నుల బరువు మోపినట్టు. సముద్రాలన్నింటిలో లోతైన మేరియానా అగాధం అడుగున కూడా అందులో సగానికి కాస్త ఎక్కువే ఉంటుంది. అంత పీడనం సన్నని పగులులోంచి బయటపడితే ధార వేగం, లెక్క ప్రకారం, సెకనుకు 690 మీటర్ల దాకా ఉంటుంది. గాలిలో శబ్దం కంటే రెండింతల వేగం. మనిషి చర్మాన్ని చీల్చడానికి మాత్రం ఏడు బార్ సరిపోతుంది, కారు టైరులోని గాలికి మూడింతలు. కాబట్టి పాత ఇంజన్ల 200 బార్ కూడా నిరపాయం కాదు. షెడ్డులో నాజిల్‌ను టెస్టర్‌కు బిగించి, లివరు నొక్కుతూ తుంపర ఎలా పడుతోందో చూసేటప్పుడు ఎదురుగా అరచేయి పెట్టడం నేను చూశాను. ఆ అలవాటు వెంటనే మానుకోవాలి.

వైద్యులకు ఈ గాయం కొత్త కాదు. 1937లో రీస్ అనే వైద్యుడు అమెరికా వైద్య సంఘం పత్రికలో, డీజిల్ ఇంజన్ నుంచి అధిక పీడనంతో చిమ్మిన ఇంధనం మనిషి కణజాలంలోకి దూరిన ఉదంతాన్ని నమోదు చేశాడు. ఆ తర్వాత గ్రీజు గన్నులు, పెయింటు స్ప్రేలు, హైడ్రాలిక్ గొట్టాలు కూడా ఈ కోవలో చేరాయి.

గాయాన్ని దగ్గరగా చూస్తే ఏమీ కనిపించదు. చూపుడువేలి కొస మీద ముల్లు గుచ్చుకున్నట్టు ఒక చుక్క, అంతే. నెత్తురు రాదు. మొదట్లో నొప్పి కూడా అంతగా ఉండదు, వేలు కాస్త మొద్దుబారినట్టు ఉంటుంది. లోపల కథ వేరు. వేలిని వంచే టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కట్టిన తాళ్లు, సన్నని తొడుగుల్లో జారుతూ ఉంటాయి. దూరిన డీజిల్‌కు ఆ తొడుగులే కాలువలవుతాయి. వేలి కొసన గుచ్చుకున్నది అరచేతి దాకా, ఒక్కోసారి మణికట్టు దాటి పాకుతుంది. వేలిలో ఖాళీ చోటు ఉండదు కనుక లోపలి ఒత్తిడి పెరిగి రక్తనాళాలు నొక్కుకుపోతాయి. డీజిల్ కణజాలాన్ని రసాయనికంగా కూడా కాలుస్తుంది. కొన్ని గంటలకు వాపు, భరించలేని పోటు, ఆపై వేలు నల్లబడటం. చేతికి తగిలిన ఇలాంటి 435 గాయాల వివరాలను 2006లో ఒకచోట చేర్చి చూస్తే, నూటికి ముప్పై మందికి ఏదో ఒక భాగం తీసివేయాల్సి వచ్చింది. ఇంధనం, పెయింటు వంటివి దూరినప్పుడు ఆరు గంటల లోపు కోసి శుభ్రం చేసినవారికి ఆ ముప్పు తగ్గింది. ఆ ఆరు గంటలనే మనవాళ్లు ఇంటి దగ్గర పసుపు రాసుకుని, రాత్రి నిద్రపోయి, పోగొట్టుకుంటారు.

అందుకే ఇంజన్ నడుస్తుండగా కామన్ రెయిల్ నట్టు ముట్టకూడదు. ఏ సిలిండర్ పని చేయడం లేదో, ఇంజన్ కంప్యూటరుకు తగిలించే స్కానరు ఒక్కొక్క ఇంజెక్టర్‌ను ఆపి చూపిస్తుంది. స్కానరు లేకపోతే, మిగిలిన డీజిల్‌ను వెనక్కి తీసుకెళ్లే, తక్కువ పీడనంలో ఉండే రిటర్న్ పైపులకు చిన్న సీసాలు తగిలించి, ఏ ఇంజెక్టర్ ఎక్కువ డీజిల్ వెనక్కి వదులుతోందో చూసే పద్ధతి ఉంది. ఇంజన్ ఆపాక కూడా రెయిల్‌లో ఒత్తిడి కాసేపు నిలుస్తుంది. తయారీదారు పుస్తకంలో రాసినంత సేపు, కొన్ని ఇంజన్లకు పది నిమిషాలు, ఆగాలి. కారుతున్న చోటు వెతకడానికి పైపు వెంట వేలు నడిపించకండి. పొడవాటి అట్టముక్కను దూరం నుంచి పట్టుకుని జరిపితే, ధార తగిలిన చోట అట్ట తడుస్తుంది, లేదా తూటు పడుతుంది. రబ్బరు గ్లోవ్స్ ఈ ధారను ఆపలేవు. పైపును పట్టి ఉంచే క్లాంపులను అనవసరమనుకుని వదిలేయడం కూడా ప్రమాదమే. అవి లేకపోతే ఇంజన్ అదురుకు పైపు అలిసి పగులుతుంది. వంగిన పైపును సరిచేసి మళ్లీ బిగించకూడదు.

నిప్పు సంగతి కూడా చెప్పాలి. నేల మీద పారిన డీజిల్ అగ్గిపుల్లకు వెంటనే అంటుకోదన్నది చాలామందికి తెలుసు. ఆ ధైర్యం తుంపరకు చెల్లదు. వేడెక్కిన ఎగ్జాస్ట్ మీద పడితే అది భగ్గుమంటుంది. అందుకే అంతర్జాతీయ నౌకాభద్రతా నిబంధనలు ఓడ ఇంజన్లలో ఈ పైపులకు మరో గొట్టాన్ని కవచంగా తొడగాలంటాయి. ఇంధనం చిమ్మి పడే వీలున్న చోట 220 డిగ్రీలు దాటే భాగాలను కప్పి ఉంచాలంటాయి. లారీకి ఆ రెండో తొడుగు ఉండదు.

ధార తగిలిందన్న అనుమానం వచ్చినా చాలు, గాయం ఎంత చిన్నదైనా బయలుదేరాలి. పిండకూడదు, ఐసు పెట్టకూడదు. ఐసు అప్పటికే నలిగిన రక్తనాళాలను ఇంకా ముడుచుకునేలా చేస్తుంది. చేతిని పైకెత్తి పట్టుకుని, ఏమీ తినకుండా, శస్త్రచికిత్స చేసే ఆసుపత్రికే వెళ్లాలి. అక్కడ "సూది గుచ్చుకుంది" అంటే టీటీ ఇంజెక్షన్ వేసి పంపేసే అవకాశం ఉంది. ఇలా చెప్పాలి: "డాక్టర్ గారూ, ఇంజన్ ప్రెజర్ పైపు నుంచి డీజిల్ వేలి లోపలికి దూరింది. ప్రెజర్ వెయ్యి బార్ పైనే ఉంటుంది. తగిలి నలభై నిమిషాలైంది." షెడ్డు గోడ మీద పానాలు వేలాడదీసే చోట ఈ మూడు వాక్యాలు రాసి పెట్టుకోండి.