టెస్టు పాసైన చిప్ తప్పు లెక్క ఎందుకు చేస్తుంది? సీమాస్ టెస్టింగ్ వెనక కథ

1.1ని 53వ ఘాతానికి హెచ్చిస్తే 156 పైచిలుకు రావాలి. ఫేస్‌బుక్ డేటా సెంటర్‌లోని ఒక ప్రాసెసర్‌లో సున్నా వచ్చింది. ఫైళ్లను డీకంప్రెస్ చేసేముందు వాటి సైజు తేల్చే లెక్క అది. సైజు సున్నా అనేసరికి ప్రోగ్రాం ఆ ఫైలును రాయకుండా వదిలేసింది. అలా కొన్ని ఫైళ్లు మాయమయ్యాయి. మెషీన్ ఆగిపోలేదు, ఎర్రర్ మెసేజ్ కూడా రాలేదు. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, ఆ చిప్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాల్లో, అంటే కోర్లలో, 59వ కోర్ ఒక్కటే, అదీ కొన్ని అంకెలకు మాత్రమే తప్పుతోంది. ఈ సంగతిని ఆ సంస్థ ఇంజినీర్లు 2021లో పేపర్‌గా ప్రచురించారు. కొన్ని వేల మెషీన్లకు కొన్ని చొప్పున ఇలాంటి కోర్లు తగులుతున్నాయని అదే ఏడాది గూగుల్ ఇంజినీర్లు కూడా రాశారు.

ఇవన్నీ ఫ్యాక్టరీలో టెస్టులు పాసై వచ్చిన చిప్‌లే. మరి ఆ టెస్టులు వీటిని ఎందుకు పట్టుకోలేకపోయాయో అర్థం కావాలంటే 1963 దాకా వెనక్కి వెళ్లాలి.

ఆ ఏడాది ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో ఫ్రాంక్ వాన్‌లాస్, సి.టి. సా కలిసి కొత్త రకం సర్క్యూట్‌ను ప్రకటించారు. అందులో రెండు రకాల ట్రాన్సిస్టర్లు జంటగా ఉంటాయి. ఒకటి ఔట్‌పుట్‌ను పైకి, సప్లై వోల్టేజీ వైపు లాగుతుంది. రెండోది కిందికి, గ్రౌండ్ వైపు లాగుతుంది. ఒకటి ఆన్ అయితే రెండోది ఆఫ్. కాబట్టి సిగ్నల్ మారేటప్పుడు తప్ప సప్లై నుంచి గ్రౌండ్‌కి దారే ఉండదు, ఊరికే ఉన్నప్పుడు కరెంటు దాదాపు ఖర్చు కాదు. ఇదే సీమాస్. 1968లో ఆర్‌సీఏ ఈ చిప్‌లను మార్కెట్లోకి తెచ్చింది. మొదట్లో ఇవి నెమ్మది, అందుకే వాచీల్లాంటి బ్యాటరీ పరికరాలకే ఎక్కువగా సరిపోయాయి. 1978లో హిటాచీ ఒక సీమాస్ మెమరీ చిప్‌తో, అంతకన్నా చాలా ఎక్కువ కరెంటు తాగే ఇంటెల్ చిప్ వేగాన్ని అందుకుంది. 1980ల్లో పరిశ్రమ మొత్తం ఇటే మళ్లింది.

టెస్టింగ్ మాత్రం అంత తేలిగ్గా మళ్లలేదు. అప్పటిదాకా టెస్టింగ్ అంతా ఒక సులువైన ఊహ మీద నడిచింది: చెడిపోయిన వైరు ఎప్పుడూ 0 దగ్గరో 1 దగ్గరో ఇరుక్కుపోతుందని. సీమాస్‌లో అది చాలదని 1978లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఆర్.ఎల్. వాడ్‌సాక్ చూపించాడు. ఒక ట్రాన్సిస్టర్ తెగిపోయి అసలు ఆన్ కాకపోతే, కొన్ని ఇన్‌పుట్‌లకు ఔట్‌పుట్‌ను పైకి లాగేదీ ఉండదు, కిందికి లాగేదీ ఉండదు. అక్కడ నిలిచిన కాస్త చార్జ్ వల్ల వైరు పాత విలువనే చూపిస్తుంది. ఆ పాత విలువ సరైన జవాబే అయిందా, చెడిపోయిన చిప్ కూడా పాసైపోతుంది.

అందుకని ఒక్క ప్యాటర్న్, అంటే ఒక్క ఇన్‌పుట్‌ల వరస, చాలదు, వెంటవెంటనే రెండు ఇవ్వాలి. మొదటిది ఔట్‌పుట్‌ను కావాలనే ఎదుటి విలువకు తెస్తుంది, అది మారిందో లేదో రెండోది చూస్తుంది. ఇందులోనూ ఒక చిక్కు ఉంది. మొదటి ప్యాటర్న్ నుంచి రెండోదానికి మారేటప్పుడు సిగ్నళ్లన్నీ ఒకేసారి రావు. ఆ ముందూవెనకల సందులో ఔట్‌పుట్ మరో దారిన మారిపోయి లోపం దాగిపోవచ్చు. ఆలస్యాలు ఎలా ఉన్నా చెక్కుచెదరని టెస్టులు ఎలా తయారుచేయాలో 1980ల్లో తేల్చినవారిలో సుధాకర్ ఎం. రెడ్డి ఒకరు. ఉస్మానియాలో ఇంజినీరింగ్, బెంగళూరు ఐఐఎస్‌సీలో మాస్టర్స్ చదివి, అయోవా యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా స్థిరపడినవారు. హైదరాబాద్ చిప్ కంపెనీల్లో ఇవాళ డీఎఫ్‌టీ (టెస్టింగ్‌కు వీలుగా చిప్‌ను డిజైన్ చేయడం) పని చేస్తున్న మన పిల్లలు ఈ పేరు తెలుసుకోవాలి. డిజైన్‌కి వచ్చినంత పేరు టెస్టింగ్‌కి ఎప్పుడూ రాలేదు, ఇది అన్యాయం.

ఈలోగా మరో దారి దొరికింది. 1981లో మార్క్ లెవీ అసలు సీమాస్‌నే అన్నిటికన్నా సులువుగా టెస్ట్ చేయొచ్చని వాదించాడు. కుళాయిలన్నీ కట్టేసినా నీళ్ల మీటరు తిరుగుతోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే కదా. అలాగే చిప్‌లో సిగ్నళ్లన్నీ ఆపేసి, సప్లై కరెంటు కొలిస్తే చాలు. రెండు వైర్లు అతుక్కున్నా, ట్రాన్సిస్టర్‌లో ఇన్సులేటర్‌గా ఉండే ఆక్సైడ్ పొరకు చిల్లు పడినా కరెంటు పెరుగుతుంది, లోపం ఔట్‌పుట్ దాకా రానక్కర్లేదు. ఐడీడీక్యూ అనే ఈ పరీక్ష మీద అమెరికాలోని సాండియా ల్యాబ్స్‌లో జెర్రీ సోడెన్, చార్లెస్ హాకిన్స్ ఏళ్ల తరబడి పనిచేశారు. అప్పుడప్పుడే ముదురుతున్న లోపాన్ని కూడా పట్టుకోగల పద్ధతి ఇది. టెస్టింగ్ చరిత్రలో ఇంత తెలివైన ఆలోచన ఇంకోటి లేదని నా అభిప్రాయం.

దీన్ని దెబ్బతీసింది ట్రాన్సిస్టర్ల సైజు. అవి చిన్నవయ్యేకొద్దీ సప్లై వోల్టేజీ 5 నుంచి 1 దగ్గరికి దిగింది. వేగం తగ్గకూడదంటే, ట్రాన్సిస్టర్ ఆన్ అయ్యే వోల్టేజీని కూడా తగ్గించాలి. అది సుమారు 100 మిల్లీవోల్టులు తగ్గితే చాలు, ఆఫ్‌లో ఉన్న ట్రాన్సిస్టర్ గుండా కారే కరెంటు దాదాపు పది రెట్లవుతుంది. కోట్ల ట్రాన్సిస్టర్లున్న ప్రాసెసర్‌లో ఆ లీకేజీ అంతా కలిస్తే, లోపం వల్ల వచ్చే మైక్రో ఆంపియర్లు అందులో మునిగిపోతాయి. 2007లో ఇంటెల్ తెచ్చిన కొత్త ఇన్సులేటర్, ఆ తర్వాత వచ్చిన ఫిన్‌ఫెట్‌లు (రెక్కలా పైకి లేచిన ట్రాన్సిస్టర్లు) లీకేజీని కొంత అదుపు చేశాయి. అయినా పెద్ద ప్రాసెసర్లలో ఆ పాత నిశ్శబ్దం తిరిగి రాలేదు.

దాంతో భారమంతా చిప్ లోపలికి విలువలు వరసగా ఎక్కించి, జవాబులు బయటికి తీసి చూసే స్కాన్ టెస్టుల మీద, సిగ్నల్ సమయానికి చేరిందా లేదా చూసే డిలే టెస్టుల మీద పడింది. ఐడీడీక్యూ ఉండుంటే ఆ 59వ కోర్ దొరికేదని చెప్పలేం. కానీ ఒకానొక వోల్టేజీలో, ఒకానొక వేడిలో, కొన్ని అంకెలకు మాత్రమే బయటపడే లోపాన్ని ఫ్యాక్టరీలో టెస్టర్ మీద ఉండే కాసేపట్లో పట్టుకోవడం చాలా కష్టం. టెస్టర్ మీద గడిచే ప్రతి సెకనుకూ ఖర్చుంది. పైగా కొన్ని లోపాలు ఏళ్లు వాడాక పుడతాయి.

అందుకే ఇప్పుడు టెస్టింగ్ ఫ్యాక్టరీ దాటి బయటికొచ్చింది. ఇంటెల్ తన సర్వర్ ప్రాసెసర్లలో చిప్‌ను వాడుకలో ఉండగానే టెస్ట్ చేసే ఇన్-ఫీల్డ్ స్కాన్ అనే ఏర్పాటు చేసింది, 2022లో లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కూడా దానికి సపోర్ట్ ఇచ్చింది. ఫేస్‌బుక్ సంస్థ, అంటే ఇప్పటి మెటా, రెండు దారులు పట్టింది. మెషీన్లను పనిలోంచి తప్పించినప్పుడు కాస్త తీరిగ్గా చేసే పరీక్ష ఒకటి, పని నడుస్తుండగానే మధ్యలో మిల్లీసెకన్లలో ముగించేది మరొకటి.