మీరు చూడనప్పుడు నడిచే స్క్రిప్టు: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

టెర్మినల్‌లో ఒక్కొక్కటిగా కొట్టి చూసిన కమాండ్లను ఒక ఫైల్లో వరసగా పేరిస్తే అదే స్క్రిప్టు. ఇంతవరకూ తేలికే. చిక్కంతా ఆ తర్వాతే ఉంది. చేత్తో కొట్టేటప్పుడు ఎర్రర్ వస్తే మీరు చూసి ఆగుతారు. ఆ కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రామ్ బాష్ ఆగదు. ఒక కమాండు విఫలమైనా తర్వాతి లైనుకు పోతూనే ఉంటుంది. (కమాండ్ల పేర్లు పలికినట్టు రాస్తున్నాను. కీబోర్డు మీద ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.)

పాత ఫైళ్లు తీసేసే స్క్రిప్టు ఒకటి అనుకోండి. మొదటి లైనులో సీడీతో ఫోల్డర్‌లోకి వెళ్లాలి, రెండో లైనులో ఫైళ్లు తుడిచే ఆర్ఎమ్, పక్కన అన్నీ అని చెప్పే నక్షత్రం గుర్తు. ఫోల్డర్ పేరులో ఒక్క అక్షరం తప్పింది. సీడీ ఎర్రర్ చెప్పి ఊరుకుంటుంది. ఆర్ఎమ్ మాత్రం అప్పుడున్న చోటే, బహుశా మీ హోమ్ డైరెక్టరీలోనే, కనబడే ఫైళ్లన్నీ తుడిచేస్తుంది. రెండింటినీ && తో ఒకే లైనులో కలిపి రాస్తే మొదటిది నెగ్గితేనే రెండోది నడుస్తుంది.

నెగ్గిందో లేదో బాష్‌కు ఎలా తెలుస్తుంది? ప్రతి కమాండూ ముగిసేటప్పుడు ఒక అంకె ఇచ్చి పోతుంది. 0 అయితే విజయం, 1 నుంచి 255 వరకు ఏదైనా వైఫల్యం. $? లో అది కనబడుతుంది. 127 వస్తే కమాండే దొరకలేదని, 126 వస్తే దొరికినా నడపడం కుదరలేదని అర్థం. కంట్రోల్-సీ కొడితే 130. ఆ మీటలు పంపే ఆపు సంకేతం (సిగ్నల్) నంబరు 2, దానికి 128 కలిపితే వచ్చేది అదే.

స్క్రిప్టు పైభాగంలోనే మూడు సెట్టింగులు పెట్టండి: సెట్ -ఇ, సెట్ -యు, సెట్ -ఓ పైప్‌ఫెయిల్. మొదటిది ఎర్రర్ దగ్గర ఆపుతుంది. రెండోది విలువ ఇవ్వని వేరియబుల్ (విలువను దాచుకునే పేరు) వాడితే పట్టుకుంటుంది. నా లెక్కలో మూడోదే ఎక్కువ అవసరం. డేటాబేస్ డంపును (మొత్తం డేటా నకలును) పైపుతో, అంటే ఒక కమాండు అవుట్‌పుట్‌ను మరోదానికి అందించే | గుర్తుతో, కుదించే ప్రోగ్రామ్ జీజిప్‌కు పంపుతున్నప్పుడు డంపు మధ్యలో చచ్చినా, పైపు చివర ఉన్న జీజిప్ 0 ఇస్తుంది. ఈ మూడో సెట్టింగు లేకపోతే బాష్ ఆ చివరి అంకెనే నమ్ముతుంది. చూడటానికి బ్యాకప్ ఫైలు ఉంటుంది, లోపల సగమే ఉంటుంది. అలాగని సెట్ -ఇ మీద పూర్తిగా ఆనుకోవద్దు. ఒక ఫంక్షన్‌ను ఇఫ్ షరతులో పిలిస్తే, ఆ ఫంక్షన్ లోపలంతా అది పనిచేయదు.

వేరియబుల్ ఎక్కడ వాడినా డబుల్ కోట్స్‌లో పెట్టండి. లేకపోతే పేరులో ఖాళీ ఉన్న ఫైలు రెండు ఫైళ్లుగా విడిపోతుంది. సింగిల్ కోట్స్ వేరు, వాటిలో డాలర్ గుర్తు వట్టి డాలర్ గుర్తే. విలువ ఇచ్చేటప్పుడు = కు అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. ఇలాంటివి చాలావరకు స్క్రిప్టుల్లో తప్పులు వెతికే షెల్‌చెక్ పట్టిస్తుంది, ప్రతి స్క్రిప్టునూ దానికి చూపించండి.

ఇక క్రాన్, అంటే చెప్పిన వేళకు కమాండ్లను తనంతట తానే నడిపే ప్రోగ్రామ్. చేత్తో నడిపితే చక్కగా పోయే స్క్రిప్టు అక్కడ 127తో పడిపోతుంటుంది. క్రాన్ మీ లాగిన్ సెట్టింగులను చదవదు, దాని పాత్ (కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితా) చాలా చిన్నది. కాబట్టి కమాండ్లకు పూర్తి దారి రాయండి, లేదా స్క్రిప్టులోనే పాత్ పెట్టుకోండి. అవుట్‌పుట్‌ను లాగ్ ఫైలుకు పంపేటప్పుడు వరస ముఖ్యం: ముందు >> తో ఫైలు పేరు, ఆ తర్వాతే 2>&1. ఆ రెండోది ఎర్రర్లను కూడా అవుట్‌పుట్ వెళ్లే చోటికే పంపుతుంది, తిరగేస్తే ఎర్రర్లు లాగ్‌లోకి రావు. క్రాన్‌ట్యాబ్ (ఏ పని ఎప్పుడు నడవాలో క్రాన్‌కు చెప్పే పట్టిక) లైనులో % కు ముందు వెనుక గీత (\) పెట్టాలి, లేకపోతే క్రాన్ దాన్ని కొత్త లైనుగా తీసుకుంటుంది. ఫైలు పేరులో తేదీ పెట్టబోయిన వాళ్లకు తరచూ తగిలే దెబ్బ ఇది. ఆ లైనులో ఎప్పుడు నడవాలో చెప్పే తేదీ గడి, వారం గడి రెండూ నింపితే, రెంటిలో ఏది కుదిరినా పని నడుస్తుంది. రెండూ కుదిరిన రోజే నడుస్తుందనుకుంటే పొరపాటు.

క్రాన్‌ట్యాబ్‌ను మార్చడానికి క్రాన్‌ట్యాబ్ -ఇ, మొత్తం తీసేయడానికి క్రాన్‌ట్యాబ్ -ఆర్. కీబోర్డు మీద ఆ రెండు మీటలూ పక్కపక్కనే ఉంటాయి, -ఆర్ మామూలుగా ఒక్క మాట కూడా అడగదు. ముట్టుకునే ముందు, ఉన్నదాన్ని చూపించే క్రాన్‌ట్యాబ్ -ఎల్ అవుట్‌పుట్‌ను ఒక ఫైల్లో దాచిపెట్టుకోండి.