రాళ్లలో పుట్టిన గాలి

గ్రహాల వాతావరణాల్లో ఏయే మూలకాలు ఉంటాయని ఒక పాఠకుడు అడిగారు. బృహస్పతి, శని గ్రహాల్లో దాదాపు అంతా హైడ్రోజన్, హీలియం. శుక్రుడు, అంగారకుడిపై అత్యధిక భాగం కార్బన్ డయాక్సైడ్. మన దగ్గర నత్రజని, ఆక్సిజన్. ఇంతవరకు ఎక్కడైనా దొరుకుతుంది. నేను చెప్పదలచుకున్నది ఆర్గాన్ గురించి.

మనం పీల్చే గాలిలో ఆర్గాన్ 0.93 శాతం. అంటే కార్బన్ డయాక్సైడ్ కంటే ఇరవై రెట్లకు పైగా. అయినా 1894లో బ్రిటిష్ శాస్త్రజ్ఞులు రేలీ, రామ్సే బయటపెట్టేదాకా దాని ఉనికే తెలియదు. గాలి నుంచి తీసిన నత్రజని, రసాయనాల నుంచి తయారుచేసిన నత్రజని కంటే సుమారు అర శాతం ఎక్కువ తూగింది. ఆ కాస్త తేడాను వాళ్లు వదిలిపెట్టలేదు. పాఠాల్లో మాత్రం ‘జడవాయువు, దేనితోనూ కలవదు’ అని ఒక్క మాటతో సరిపెడతారు. నాకది బాధ కలిగిస్తుంది. దేనితోనూ కలవదు కాబట్టే అది గ్రహాల చరిత్రను చెరగకుండా నిలుపుకుంది.

ఒకే మూలకంలో న్యూట్రాన్ల సంఖ్య వేరుగా ఉన్న రకాలను ఐసోటోపులంటారు; పేరు పక్కన అంకె ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం. సూర్యుడిలోని ఆర్గాన్‌లో అధిక భాగం ఆర్గాన్-36. మన గాలిలోని ఆర్గాన్‌లో 99.6 శాతం ఆర్గాన్-40. ఇదెక్కడిది? రాళ్లలోది. పొటాషియం-40 కేంద్రకంలో 19 ప్రోటాన్లు, 21 న్యూట్రాన్లు ఉంటాయి. అది తన చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లలో ఒకదాన్ని లోపలికి లాక్కుంటుంది. ఒక ప్రోటాన్ న్యూట్రాన్‌గా మారుతుంది, న్యూట్రినో అనే అతి సూక్ష్మ కణం ఒకటి వెళ్లిపోతుంది. మిగిలేది 18 ప్రోటాన్లు, 22 న్యూట్రాన్లు, అంటే ఆర్గాన్-40. నూటికి సుమారు 11 కేంద్రకాలే ఈ దారి పడతాయి. తక్కినవి ఎలక్ట్రాన్‌ను వెలువరించి కాల్షియం-40 అవుతాయి. అర్ధాయువు, అంటే ఉన్న పొటాషియం-40లో సగం తరిగిపోవడానికి పట్టే కాలం, 125 కోట్ల ఏళ్లు. భూమి పుట్టినప్పుడు ఈ పొటాషియం ఇప్పటికంటే సుమారు పన్నెండు రెట్లు ఉండేది. అలా పుట్టిన ఆర్గాన్ స్ఫటికాల్లో చిక్కుకుని ఉంటుంది. రాయి కరిగినప్పుడు, అగ్నిపర్వతం పేలినప్పుడు బయటపడుతుంది.

ఆవర్తన పట్టికలో ఆర్గాన్ పరమాణు భారం 39.95, దాని తర్వాతి పొటాషియానిది 39.10. మూలకాలు భారం పెరిగే వరుసలో రావాలని అనుకున్న రోజుల్లో ఈ తలకిందుల వరుస రసాయన శాస్త్రజ్ఞులను తికమక పెట్టింది. సూర్యుడిలోని తేలికైన ఆర్గాన్‌ను తూచి ఉంటే ఆ చిక్కే వచ్చేది కాదు. ఒక్క సంఖ్యలో భూగర్భ చరిత్రంతా ఇమిడి ఉండటం నాకు ఎప్పటికీ అద్భుతమే.

శుక్రుడిపై ఆర్గాన్-36, ఆర్గాన్-40 దాదాపు సమానం. అంగారకుడి కథ వేరు. భూమిపై ఆర్గాన్-36కు, ఆర్గాన్-38కు మధ్య నిష్పత్తి 5.3 అయితే, నాసా రోవర్ క్యూరియాసిటీ అక్కడ కొలిచింది 4.2. తేలికైనది తగ్గిపోయింది. వాతావరణం పై పొరల్లో వాయువులు బరువును బట్టి వేరుపడతాయి, తేలిక ఐసోటోపు పైకి చేరుతుంది. సూర్యుడి నుంచి వీచే కణాల ప్రవాహమైన సౌరపవనం తోసుకొచ్చే అయాన్లు (విద్యుదావేశమున్న పరమాణువులు) ఢీకొట్టి దాన్నే ముందుగా అంతరిక్షంలోకి విసిరేస్తాయి. కార్బన్ డయాక్సైడ్ కరువైతే రాళ్లలో కలిసిపోయిందేమో అనుకోవచ్చు. ఆర్గాన్‌కు ఆ దారి లేదు, అందుకే దాని లెక్క నమ్మదగినది. అంగారకుడి చుట్టూ తిరిగిన నాసా నౌక మావెన్ కొలతలతో 2017లో తేలినదాని ప్రకారం అంగారకుడు తన ఆర్గాన్‌లో మూడింట రెండు వంతులు పోగొట్టుకున్నాడు.

శని పేరు వింటే భయపడేవారికి ఆ గ్రహపు ఉపగ్రహం టైటాన్ సంగతి చెప్పాలని ఉంటుంది. 2005లో హైగెన్స్ అనే అంతరిక్ష శోధక నౌక అక్కడ దిగుతూ గాలిలో ఆర్గాన్-40ని గుర్తించింది. టైటాన్ పైభాగమంతా మంచు, పొటాషియం ఉన్న రాయి లోలోపల ఉంది. అక్కడ పుట్టిన వాయువు అంత మందమైన మంచును దాటి పైకి చేరిందంటే, ఆ లోపలి పొరలకూ పైనున్న గాలికీ మధ్య దారి తెరుచుకున్న సందర్భాలు ఉన్నాయన్నమాట.