ఎన్కా పాటలు: సముద్రం, సొంతూరు - అపోహలు, వాస్తవాలు

జపాన్‌లో ఎన్కా, అంటే ఇక్కడి పాత పద్ధతి జనాదరణ పాటలు, పాడడం మొదలుపెట్టి నాకు 12 ఏళ్లయింది. చిన్నప్పుడు కాకినాడలో నేర్చుకున్న కర్ణాటక సంగీతంతో వచ్చి, ఇక్కడి గురువుగారి దగ్గర మళ్లీ ఓనమాల నుంచి దిద్దుకున్నాను. ఇప్పుడు మా పేట కమ్యూనిటీ హాల్లో వారానికోసారి జరిగే క్లాసులో కొత్తవాళ్లకు మొదటి పాఠాలు నేనే చెబుతున్నాను. మనవాళ్లు యూట్యూబ్‌లో ఒకటి రెండు పాటలు విని నన్ను అడిగే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో చాలావరకు పొరపాటు అభిప్రాయాలే.

అపోహ: ఎన్కా వందల ఏళ్ల నాటి సంప్రదాయ సంగీతం

కిమోనో, వెనక మంచు కురిసే సెట్టింగ్, మధ్యలో వెదురు వేణువు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ 1880లలో ఎన్కా అంటే రాజకీయ ఉపన్యాస గీతం. ప్రజల హక్కుల కోసం ఉద్యమం నడుస్తున్న రోజులవి. ప్రభుత్వం సభల మీద ఆంక్షలు పెడితే, చెప్పదలుచుకున్నది పాటగా కట్టి వీధుల్లో పాడేవారు. ఆ తర్వాత వయొలిన్ వాయిస్తూ, పాటల పుస్తకాలు అమ్ముకుంటూ తిరిగే వీధి గాయకులు వచ్చారు.

ఇప్పుడు మనం వింటున్న ఎన్కా వేరు. దీని అసలు బాణీకి దారి వేసినవారిలో ముఖ్యుడు స్వరకర్త కొగా మసావో (1904-1978). 1930లలో ఆయన గిటార్ మీద కట్టిన విషాద గీతాలు దేశమంతా మోగాయి, కానీ అప్పుడు వాటిని ఎవరూ ఎన్కా అనలేదు. జనం పాటలు అనే అర్థంలో ర్యూకోకా అన్నారు. రాక్, ఫోక్ వచ్చి కుర్రకారును పట్టుకెళ్లాక, మిగిలిన పాత పద్ధతి పాటలకు 1960ల చివర్లో ఎన్కా అనే పేరు స్థిరపడింది. వాద్యాలు గమనించండి: సాక్సాఫోన్, ఎలక్ట్రిక్ గిటార్, ట్రంపెట్, వయొలిన్ల బృందం. మూడు తంతుల షామిసెన్, వెదురు వేణువు షకుహాచి వినిపించేది కొన్ని పాటల్లోనే.

అపోహ: ఆ స్వరాలు జపాన్‌వాళ్లవే, మన చెవికి పట్టవు

మొదటి క్లాసులో నన్ను ఆశ్చర్యపరిచింది ఇదే. ఎన్కాకు ఆధారం యోనానుకి అనే ఐదు స్వరాల వరుస. నాలుగు, ఏడు తీసేసినది అని ఆ మాటకు అర్థం. పాశ్చాత్య సంగీతంలోని ఏడు స్వరాల మేజర్ స్కేల్ నుంచి ఆ రెండూ తీసేస్తే మిగిలేది స, రి, గ, ప, ధ. అది మన మోహనం వరుసే. మైనర్ స్కేల్ నుంచి తీసేస్తే షడ్జం, చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, పంచమం, శుద్ధ ధైవతం మిగులుతాయి. శివరంజని తెలిసినవాళ్లకు ఇది ఒక్క స్వరం దూరం. శివరంజనిలో చతుశ్రుతి ధైవతం ఉంటుంది, ఇక్కడ అది కిందకు దిగి పంచమాన్ని ఆనుకుని ఉంటుంది. పాటలో ఆ ధైవతం పంచమం మీదికి వాలే చోట గుండె పట్టేసినట్టు అవుతుంది.

వరుస ఒకటైనంత మాత్రాన రాగం ఒకటి కాదు. కింద పాశ్చాత్య కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) నడుస్తుంటాయి, పాట ఆ ఐదు స్వరాలు దాటి కూడా వెళ్తుంది. నేను చేసిన పెద్ద తప్పు, కొబుషిని గమకం అనుకోవడం. కొబుషి అంటే ఒక అక్షరం మీద గొంతును చటుక్కున తిప్పడం. తిప్పిన వెంటనే గొంతు మళ్లీ సాఫీగా నడవాలి. సాహిత్యం కాగితం మీద అది ఎక్కడ రావాలో గురువుగారు పెన్సిల్‌తో గుర్తు పెట్టేవారు, పాట మొత్తంలో నాలుగైదు చోట్లు. నేనేమో ప్రతి స్వరాన్నీ ఊపేదాన్ని. "ఇన్నిచోట్ల తిప్పితే ఏ మాట నొప్పిగా ఉందో వినేవాళ్లకు ఎలా తెలుస్తుంది?" అని ఆవిడ ఒకరోజు అడిగారు. ఆ అలవాటు పోవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

అపోహ: ఏడుస్తూ పాడితేనే ఎన్కా

కాదు. 1966లో గాయని మిసోరా హిబారి పాడిన ఒక మద్యం పాట ఉంది, కొగా మసావో బాణీయే. దాన్ని వేదిక మీద పాడుతున్నప్పుడు ఆమె చెంపల మీద కన్నీళ్లు జారుతుంటాయి, గొంతు మాత్రం చెదరదు. పాత వీడియోలు చూడండి. మా క్లాసులో ఇది అందరికీ చూపిస్తాం. నిజంగా ఏడిస్తే శ్వాస తెగిపోతుంది, పాట ఆగిపోతుంది. దుఃఖాన్ని పట్టి ఉంచడమే మేం చేసే సాధన.

అపోహ: సముద్రం పాటలు జాలర్ల నోటి నుంచి పుట్టినవే

కొన్ని నిజంగానే అలాంటివి. అన్నదమ్ములు ఒకే పడవ మీద వేటకు వెళ్లే పాటతో 1982లో పరిచయమైన తోబా ఇచిరో, మియె ప్రాంతంలో సముద్రంలో మునిగి ఆల్చిప్పల్లాంటివి ఏరే తల్లికి పుట్టినవాడు. తాను కూడా గాయకుడు కాకముందు చేపల ఓడల మీద పనిచేశాడు. ఆ పాట రాసిన హొషినో తెత్సురో ఒక దీవిలో పుట్టి, ఓడ ఉద్యోగానికి చదువుకుని, చేపల కంపెనీ ఓడ ఎక్కాడు. జబ్బు చేసి ఊరికి తిరిగొచ్చాక పాటలు రాయడం మొదలుపెట్టాడు. మరి బాణీ కట్టిన ఫునమురా తోరు? ఆయనది తొచిగి, సముద్రతీరమే లేని ప్రాంతం. అయినా ఆ బాణీలో అలల ఊపు ఉంది.

ఇంకా పెద్ద ఉదాహరణ, 1977లో ఇషికావా సయురి పాడిన త్సుగారు జలసంధి శీతాకాలపు పాట. ఉత్తరాది చలి అంటే జపాన్‌లో అందరికీ ముందు గుర్తొచ్చేది అదే. పాడినావిడ పుట్టింది దక్షిణాన కుమామొతోలో. రాసిన అకు యూ, అవాజి దీవి మనిషి. బాణీ మికి తకాషిది.

ఆ పాట నడక నాకు మహా ఇష్టం. తాళం ఒక్కో దెబ్బకు మూడేసి అక్షరాలు పడతాయి, మన తిశ్రం లాగా. ఆ నడకలోనే రాత్రి రైలు తోక్యోలోని ఉయెనో స్టేషన్లో బయలుదేరి, 700 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, మంచులో ఉన్న అఒమోరి చేరిపోతుంది. దారిలో వచ్చిన ఒక్క స్టేషన్ గురించి కూడా చెప్పరు. దిగినవాళ్లెవరూ మాట్లాడుకోరు, ఆమె ఒంటరిగా ఓడ ఎక్కుతుంది. అప్పట్లో జలసంధికి అవతల ఉన్న హొక్కాయిదో దీవికి వెళ్లాలంటే అఒమోరి నుంచి హకొదాతెకు ఓడలో దాదాపు నాలుగు గంటలు పట్టేది. 1988 మార్చి 13న ఆ జలసంధి కింద తవ్విన 53.85 కిలోమీటర్ల సెయికాన్ సొరంగంలో రైళ్లు మొదలయ్యాయి, ఆ రైల్వే ఓడలు ఆగిపోయాయి. ఒక ఓడను అఒమోరి రేవులో మ్యూజియంగా ఉంచారు. పక్కనే పాట పేరుతో ఒక స్మారక శిల ఉంది. మనిషి దగ్గరకు వెళ్తే దానంతట అదే పాట మోగుతుంది. నేను ఒక జనవరిలో వెళ్లాను. గాలికి చెవులు మొద్దుబారిపోయాయి. అంతవరకు ఆ పాటను గొంతు పెంచి పాడేదాన్ని. ఆ చలిలో నోరు పూర్తిగా తెరవడం కుదరదని అక్కడ నిలబడ్డాకే తెలిసింది. ఇప్పుడు మొదటి చరణం సగం గొంతుతోనే పాడతాను.

అపోహ: సొంతూరి పాటలంటే పల్లె అందాల వర్ణన

ఎన్కాలో ఊరు గురించి పాడేది ఊరు విడిచి వెళ్లినవాళ్లే. 1950ల నుంచి 1970ల దాకా ఉత్తరాది పల్లెల్లో స్కూలు చదువు ముగిసిన 15 ఏళ్ల పిల్లల్ని ప్రత్యేక రైళ్లలో గుంపులుగా తోక్యో ఫ్యాక్టరీలకు, దుకాణాలకు తీసుకొచ్చేవారు. వాళ్లకు పత్రికలు పెట్టిన పేరు బంగారు గుడ్లు. రైలు దిగేది ఉయెనోలో. 1964లో ఆ స్టేషన్ మీదే ఒక పాట వచ్చింది, దాని స్మారకం స్టేషన్ బయట ఇప్పటికీ ఉంది. రైతులు కూడా చలికాలంలో పొలం పనులు లేనప్పుడు నగరానికి వచ్చి రోడ్లు, సొరంగాలు తవ్వి, వసంతంలో నాట్ల వేళకు తిరిగి వెళ్లేవారు.

మా క్లాసులో ఒక పెద్దాయన అలాంటి రైల్లో వచ్చినవారే. ఒకసారి టీ తాగుతూ చెప్పారు: బయలుదేరేటప్పుడు ఎవరూ ఏడవలేదట. అమ్మలు కట్టిచ్చిన అన్నం ముద్దలు అయిపోయాక రైలు పెట్టె అంతా ఏడ్చిందట.

1977లో సెన్ మసావో పాడిన ఉత్తరాది వసంతం పాటలో కూడా నగరంలో ఉన్న కొడుక్కి అమ్మ పంపిన పార్సిల్ వస్తుంది. ఊళ్లో వసంతం వచ్చిందో లేదో ఇక్కడ తెలియదు కదా అన్నట్టు పంపుతుంది. ఈ పాట చైనా భాషలోకి కూడా వెళ్లింది. గల్ఫ్‌కు మనిషిని పంపిన కరీంనగర్, నిజామాబాద్ ఇళ్లలో దీన్ని విడమరిచి చెప్పాల్సిన అవసరం ఉండదు.

ఊరి పాట ఊరివాళ్లకు ఎప్పుడూ నచ్చుతుందనేది కూడా అపోహే. 1974లో మోరి షినిచి పాడిన, హొక్కాయిదోలోని ఎరిమో అంతరీపం (సముద్రంలోకి చొచ్చుకెళ్లిన నేల కొన) పాటలో అక్కడి వసంతంలో ఏమీ ఉండదు అనే మాట వస్తుంది. మా ఊరినా అలా అనేది అని అక్కడివాళ్లు మొదట్లో నొచ్చుకున్నారు. ఆ పాట పేరు విని జనం వెతుక్కుంటూ రావడం మొదలయ్యాక కోపం పోయింది, శిల కూడా పెట్టారు. దాని బాణీ కట్టింది ఫోక్ గాయకుడు యొషిదా తకురో, కాబట్టి ఎన్కాకు, ఫోక్‌కు మధ్య పెద్ద గోడ ఉందనే మాట కూడా సరికాదు.

అపోహ: బయటివాళ్లకు ఇది రాదు

2008లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ నుంచి వచ్చిన జెరో అనే నల్లజాతి యువకుడు, టోపీ, వదులు బట్టలతో నిలబడి సముద్రం మీద మంచు పాట పాడాడు. పెద్ద హిట్ అయింది. ఎన్కా అతనికి జపాన్‌లో పుట్టిన అమ్మమ్మ దగ్గర చిన్నప్పుడే అబ్బింది.

తెలుగువాళ్లకైతే ఇంకో సౌలభ్యం ఉంది. జపనీస్‌లో దాదాపు ప్రతి అక్షరం అచ్చుతోనే ముగుస్తుంది, మన భాషలో లాగానే. అందుకే దీర్ఘం ఎక్కడ సాగదీయాలో మన నోటికి ఇట్టే తెలుస్తుంది. అందరూ భయపడే అక్షరం త్సుగారులోని ఆ మొదటి 'త్సు'. నేను తెలుగు పిల్లలకు ముందు 'చుక్క' అనమంటాను, మా గోదావరి వైపు నాలుక కొనను పళ్లకు ఆనించి అంటామే, అలాగ. అనగానే ఆ చు మీద నాలుక కదలకుండా 'త్సుగారు' అనమంటాను. మొదటిరోజే వచ్చేస్తుంది.